తెలుగు పేర్లు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ చెదిరిపోతాయి, ఎలా పట్టుకోవాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందుగా చెబుతాను. ఒక వ్యవసాయ సహకార సంఘం కోసం సభ్యుల నమోదు, రసీదుల ముద్రణ చేసే అప్లికేషన్ తయారుచేస్తున్నారు. ఇంగ్లీషు డేటాతో ఆర్నెల్లపాటు నిక్షేపంగా నడిచిన ప్రోగ్రాము, సంఘంవారు సభ్యుల పేర్లను తెలుగులో ఎక్కించగానే ఐదు చోట్ల తప్పింది: కొన్ని పేర్లు ప్రశ్నార్థకాలుగా మారాయి, కళ్లెదుట కనిపిస్తున్న పేరు వెతికితే దొరకలేదు, జాబితా వర్ణక్రమంలో రాలేదు, ఎస్ఎంఎస్‌లో పేరు మధ్యలో తెగింది, పీడీఎఫ్ రసీదులో వత్తులు విడిపోయి పక్కకు పడ్డాయి. తప్పు మీదా, పనిముట్లదా అని అడిగారు. పేర్లన్నీ ఇంగ్లీషులో పెట్టేస్తే గొడవ ఉండదని మీ మేనేజరు అంటున్నారని కూడా రాశారు.

మీ విసుగు నాకు బాగా తెలుసు. పద్దెనిమిదేళ్లుగా తెలుగు, ఇంగ్లీషు కలిసిన డేటాతో పనిచేస్తున్నాను, మీరు చెప్పిన ఐదింటిలో ప్రతి ఒక్కటీ నా చేతిలో కనీసం ఒకసారైనా జరిగింది. తప్పు తెలుగుది కాదు, పూర్తిగా మీదీ కాదు. మనం ప్రోగ్రామింగ్ నేర్చుకునే రోజుల్లో "అక్షరం" అనే ఒక్క మాటతో నాలుగు వేర్వేరు వస్తువులను పిలవడం అలవాటు చేసుకున్నాం: డిస్కు మీద ఉండే బైటు, ప్రపంచ లిపుల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం ఇచ్చిన సంకేత సంఖ్య, చదివే మనిషి ఒక అక్షరంగా గుర్తించే రూపం, ఫాంటు తెర మీద గీసే బొమ్మ. ఇంగ్లీషులో ఈ నాలుగూ దాదాపు ఎప్పుడూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి కాబట్టి, వాటిని విడదీసి ఆలోచించవలసిన అవసరమే రాదు. తెలుగు వచ్చిన క్షణంలో నాలుగూ విడిపోతాయి, వాటిలో ఏ రెండింటిని ఒకటే అనుకున్నామో అక్కడ ప్రోగ్రాము విరుగుతుంది.

"లక్ష్మి" అనే పేరునే తీసుకోండి. బడికి వెళ్లే పిల్లవాడిని అడిగితే రెండు అక్షరాలంటాడు: ల, క్ష్మి. యూనికోడ్ లెక్కలో ఇవి ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. తెలుగులో ప్రతి సంకేతమూ, సంకేతాలను బైట్లుగా రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో, 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి డిస్కు మీద 21 బైట్లు. పైథాన్‌లో పొడవు అడిగితే 7 అంటుంది, బైట్లుగా మార్చి అడిగితే 21 అంటుంది. మనిషి కంటికి కనిపించే అక్షరాలను లెక్కించే లైబ్రరీని అడిగితే, అది పాత వెర్షన్ అయితే 4 అని, కొత్తదైతే 2 అని చెబుతుంది. ఎందుకంటే పొల్లుతో కలిసిన హల్లులను ఒకే గుత్తిగా చూడాలన్న నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో గానీ చేరలేదు. ఒకే పేరుకు నాలుగు జవాబులు, నాలుగూ తమతమ లెక్కలో సరైనవే. మీ కోడ్‌లో పొడవు అన్న మాట కనిపించిన ప్రతిచోటా "దేని పొడవు?" అని ఒకసారి అడిగితే, సగం తప్పులు అక్కడే బయటపడతాయి.

ఇక మీ ఫిర్యాదుల్లో అన్నిటికన్నా ముందు చూడవలసింది ప్రశ్నార్థకాలు, ఎందుకంటే మిగతా నాలుగింటిలో అసలు డేటా క్షేమంగా ఉంటుంది, ఇక్కడ ఉండకపోవచ్చు. చెడిపోయిన తెలుగు ఏ రూపంలో కనిపిస్తోందో చూసి, అది ఎక్కడ చెడిందో చాలావరకు చెప్పవచ్చు. ఖాళీ డబ్బాలు కనిపిస్తే డేటా భద్రంగా ఉంది, ఆ యంత్రంలో తెలుగు ఫాంటు లేదంతే. నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీషు చిన్నబడి "ఏ", దాని పక్కనే ఉష్ణోగ్రతకు వాడే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఆపైన ఇంకో గుర్తు, మళ్లీ అదే "ఏ", ఇలా వరుసగా వస్తుంటే, యూటీఎఫ్-8లో రాసిన తెలుగును ఎవరో పశ్చిమ యూరప్ భాషల పాత అక్షరపట్టిక అయిన విండోస్ పాశ్చాత్య కోడ్‌పేజీగా చదువుతున్నారని అర్థం. ఇదీ బాగుచేయదగిన జబ్బే. నల్లని వజ్రం ఆకారంలో తెల్ల ప్రశ్నార్థకం ఉంటే, మూడు బైట్ల సంకేతాన్ని ఎక్కడో మధ్యలో కోశారు. మామూలు ప్రశ్నార్థకాలే వరుసగా ఉంటే మాత్రం, తెలుగుకు చోటు లేని అక్షరసమితిలోకి డేటాను మార్చే ప్రయత్నం జరిగి, చోటు దొరకని ప్రతి సంకేతం స్థానంలో ప్రశ్నార్థకం రాసేశారని అర్థం. అలా రాసింది డిస్కు మీదికి కూడా వెళ్లిపోయిందంటే పేరు పోయినట్టే, ఏ ప్రోగ్రాముతోనూ వెనక్కి రాదు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఒక సంస్థ సభ్యుల పట్టికను పాత సర్వరు నుంచి కొత్త సర్వరుకు మార్చే పని నాకిచ్చారు. వరుసల సంఖ్య సరిపోయింది, మొత్తాలు సరిపోయాయి, నేను సంతృప్తిగా పాత డేటాబేసును తొలగించాను. మర్నాడు ఉదయం అక్కడి గుమస్తా గారు ఫోను చేసి, పేర్లన్నీ ప్రశ్నలై కూర్చున్నాయని చెప్పారు. ఆయన దగ్గర చేతిరాత రిజిస్టర్లు ఉండబట్టి సరిపోయింది. తొమ్మిది రోజులు ఆయన చదువుతుంటే నేను టైపు చేశాను. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు గానీ, ప్రతి పేరును ఆగి, ఒత్తి, "దీర్ఘం ఉంది, చూసుకోండి" అని చదివిన తీరు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అప్పటి నుంచి డేటా మార్పిడి ఏదైనా, వరుసలను లెక్కపెట్టడంతో ఆగకుండా, కొన్ని తెలుగు పేర్లను రెండు వైపులా బైట్లుగా తీసి పోల్చి చూస్తేగానీ పాతదాన్ని తొలగించను.

మీ విషయంలో తప్పు దాదాపు ఖాయంగా డేటాబేసు దగ్గరో, దానికి వెళ్లే కనెక్షన్ దగ్గరో ఉంటుంది. మీరు ఏ డేటాబేసు వాడుతున్నదీ రాయలేదు కాబట్టి మూడింటి సంగతీ చెబుతాను. ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే, కాలమ్ యూనికోడ్‌ను దాచే ఎన్‌వార్‌చార్ రకంగా ఉన్నా సరే, క్వెరీలో నేరుగా రాసిన పేరుకు ముందు పెద్దబడి ఎన్ అక్షరం పెట్టకపోతే ఆ పేరు ముందు డేటాబేసు కోడ్‌పేజీలోకి మారి, ప్రశ్నార్థకాలై, ఆ తర్వాత కాలమ్‌లోకి చేరుతుంది. కొన్ని పేర్లే పాడై మిగతావి బాగున్నాయంటే, మీ ప్రోగ్రాములో ఒక దారి పేరును క్వెరీ వాక్యానికి బయట విడిగా పంపే పారామీటర్లు వాడుతూ ఇంకో దారి క్వెరీని ముక్కలు అతికించి తయారుచేస్తోందేమో చూడండి. సరిగ్గా ఈ లక్షణమే కనిపిస్తుంది. మైఎస్‌క్యూఎల్ అయితే పట్టిక, కనెక్షన్ రెండూ యూటీఎఫ్8ఎంబీ4లో ఉండాలి. అక్కడ కేవలం యూటీఎఫ్8 అని పిలిచే పాత రకం సంకేతానికి 3 బైట్లకు మించి ఒప్పుకోదు. తెలుగు 3 బైట్లలోనే ఇముడుతుంది కాబట్టి తెలుగు పేర్లు నడిచిపోతాయి గానీ, వ్యాఖ్య పెట్టెలో ఎవరైనా ఒక ఎమోజీ పెట్టిన రోజున తప్పుతుంది. ఒరాకిల్ అయితే 30 అని రాసిన వార్‌చార్2 కాలమ్, ప్రత్యేకంగా చెప్పకపోతే, 30 బైట్లనే అర్థంలో తీసుకుంటుంది. అంటే పది తెలుగు సంకేతాలు. "వెంకటేశ్వర్లు" అనే పేరు ఒక్కటే పదమూడు సంకేతాలు, 39 బైట్లు. పొడవును చార్ అని స్పష్టంగా రాయండి, రాసి కూడా సంఖ్యను పెంచండి, ఎందుకంటే చార్ అన్నది సంకేతాలనే గాని మన అక్షరాలను లెక్కించదు.

వెతికితే దొరకకపోవడం అన్నిటికన్నా ఓపిక అవసరమైన సమస్య, దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను. రెండు పేర్లు తెర మీద ఒకేలా కనిపిస్తూ లోపల వేరుగా ఉండటానికి తెలుగులో నాకు తరచు ఎదురైన కారణాలు మూడు. మొదటిది ఐత్వం. యూనికోడ్ తెలుగు సంకేతాలన్నిటిలో ఐత్వానికి మాత్రమే రెండు ఆమోదిత రూపాలున్నాయి: ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగానూ రాయవచ్చు. అందువల్ల "హైదరాబాద్" ఒక చోట తొమ్మిది సంకేతాలు, ఇంకో చోట పది. మాకింటాష్ పాత ఫైల్ వ్యవస్థ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు పేర్లను ఈ విడదీసిన రూపంలోనే దాచేది. అక్కడ పెట్టిన ఫైలు పేరు "హై"తో మొదలైతే, లినక్స్ సర్వరులో అదే పేరుతో వెతికినప్పుడు దొరకదు. తెలంగాణ రాజధాని పేరే ఈ గుంటలో పడుతుంది కాబట్టి ఇది అరుదైన విషయమని కొట్టివేయలేం. మందు సులువైనదే: డేటా లోపలికి వచ్చే ప్రతి ద్వారం దగ్గరా ఎన్ఎఫ్‌సీ రూపంలోకి, అంటే విడదీసిన గుర్తులను ఒకే సంకేతంగా కలిపే యూనికోడ్ రూపంలోకి మార్చండి. అన్ని ప్రధాన భాషల్లోనూ దీనికి సిద్ధంగా ఉన్న ఫంక్షన్ ఉంది.

రెండోది కంటికి కనిపించని సంకేతం. "రాజ్‌కుమార్" అని రాసేటప్పుడు జ కింద క వత్తు పడకుండా పొల్లు నిలబడాలంటే, పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్-జాయినర్ అనే సంకేతం కావాలి. అది లేకపోతే "రాజ్కుమార్" అయిపోతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని తామే చేరుస్తాయి, కొన్ని చేర్చవు, కొన్ని పదం చివర అవసరం లేని చోట కూడా వదిలిపెడతాయి. వెడల్పు లేని వస్తువు కాబట్టి కంటికి ఆనదు. ఖాళీలను కత్తిరించే ట్రిమ్ ఫంక్షన్ కూడా దాన్ని ఖాళీగా గుర్తించదు. ఇది తెలిసిన వెంటనే చాలామంది చేసే పని, నేనూ చేసిన పని, డేటా అంతటిలోనూ దాన్ని తుడిచిపెట్టడం. అలా చేయకండి. అది చెత్త కాదు, ఆ మనిషి తన పేరు రాసుకునే పద్ధతిలో భాగం. పేరును వచ్చినది వచ్చినట్టు ఒక కాలమ్‌లో ఉంచి, వెతకడం కోసం రెండో కాలమ్ పెట్టి, ఆ రెండో దానిలో మాత్రమే ఇలాంటి గుర్తులను తీసివేయండి. వెతికే మాటకు కూడా అదే మార్పు చేసి పోల్చండి.

మూడోది సున్న. అనుస్వారానికి వాడే సున్న, తెలుగు అంకెల్లోని సున్న చాలా ఫాంట్లలో కవలపిల్లల్లా ఉంటాయి, సంకేతాలు మాత్రం వేరు. కీబోర్డు మీద చేతికి ఏది అందితే అది కొట్టేవాళ్లు ఉంటారు, అది వాళ్ల తప్పూ కాదు, తెర మీద సరిగ్గానే కనిపించింది కదా. వెతికే కాలమ్‌లో, రెండు తెలుగు అక్షరాల మధ్య అంకె సున్న వస్తే దాన్ని అనుస్వారంగా మార్చే ఒక్క వాక్యం చేర్చండి. వెంకటేశ్వర్లు, వేంకటేశ్వర్లు వంటి వర్ణక్రమ భేదాలు దీని తర్వాత వచ్చే సంగతి. వాటిని మొదటి రోజే నెత్తిన వేసుకోవద్దు.

పేరు సరైనదా కాదా అని పరీక్షించే రెగెక్స్ (అక్షరాల నమూనాను చెప్పే సూత్రం) గురించి మీరు అడగలేదు గానీ, అది కూడా మీ ప్రోగ్రాములో తప్పకుండా ఉండి ఉంటుంది. పైథాన్ మామూలు రెగెక్స్ మాడ్యూలుకు "రాము" అనే మాట ఇచ్చి పదాలు ఏరమంటే "ర", "మ" అని రెండు ముక్కలు చేతిలో పెడుతుంది, ఎందుకంటే దీర్ఘాన్ని, కొమ్మును అది పదంలో భాగంగా చూడదు. యూనికోడ్ వర్గాల ప్రకారం అనుమతించేటప్పుడు కూడా అక్షరాల వర్గం ఒక్కటే రాస్తే గుణింతాలన్నీ బయట నిలబడతాయి. గుర్తుల వర్గాన్ని కూడా చేర్చాలి, ఇందాక చెప్పిన నాన్-జాయినర్ ఈ రెండింటిలోనూ రాదు కాబట్టి దాన్ని విడిగా చేర్చాలి. నిజానికి పేరును ఇంత కట్టుదిట్టంగా పరీక్షించడం వల్ల లాభం పొందిన ప్రాజెక్టును నేను చూడలేదు, అన్యాయంగా తిరస్కరణకు గురైన పేర్లను మాత్రం చాలా చూశాను.

వర్ణక్రమం సంగతికి వస్తే, దీని వెనుక చిన్న చరిత్ర ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 గదుల అమరిక భారతీయ లిపులన్నిటికీ కలిపి తయారుచేసిన ఇస్కీ ప్రమాణం నుంచి వచ్చింది. ఆ ప్రమాణంలో ఏ భాషలోనైనా ఒకే ధ్వనికి ఒకే స్థానం ఉండేలా పేర్చారు. లిపి నుంచి లిపికి మార్చడానికి అది ఎంతో అనుకూలం. అయితే దాని ఫలితంగా ర పక్కన ఱ, ల పక్కన ళ వచ్చి కూర్చున్నాయి. మన వర్ణమాలలో ళ, ఱ చివరన వస్తాయి. సంకేత సంఖ్యల ప్రకారం వరుస పెడితే "కళ" ముందు వచ్చి "కవి" తర్వాత వస్తుంది. పెద్దబాలశిక్ష చదువుకున్న గుమస్తాకు అది తప్పు వరుస. మీరు వాడే భాషలోని మామూలు సార్ట్ ఈ సంకేత సంఖ్యలనే చూస్తుంది. యూనికోడ్ పనుల కోసం చేసిన ఐసీయూ లైబ్రరీలోని తెలుగు వరుస దానికన్నా మెరుగైన ఆరంభం, అయితే అదే చివరి మాట అని తీసుకోకుండా, సంఘంవారి పాత రిజిస్టరులో పేర్లు ఏ వరుసలో ఉన్నాయో ఒకసారి వెళ్లి చూసి, సున్నతో వచ్చే పేర్లు, ళ, ఱ ఉన్న పేర్లు ఎక్కడ పెట్టారో అడిగి తెలుసుకుని, ఆ వరుసనే నియమంగా రాయండి. ఆ జాబితాలో పేరు వెతుక్కునేది వాళ్లే.

ఎస్ఎంఎస్‌లో పేరు తెగడానికి కారణం చిన్న లెక్క. ఒక సందేశానికి దొరికేది 140 బైట్లు. ఇంగ్లీషును అక్షరానికి 7 బిట్ల చొప్పున సర్ది 160 అక్షరాలు పంపుతారు. తెలుగు సంకేతానికి 2 బైట్లు కావాలి కాబట్టి 70 సంకేతాలే పడతాయి, సందేశం అంతకు మించితే ఒక్కో ముక్కకు 67. పొల్లు, గుడి, దీర్ఘం అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. మీ ప్రోగ్రాము పేరును ఇన్ని సంకేతాల దగ్గర కోయాలని రాసుకుంటే, "లక్ష్మి" కాస్తా "లక్" అయి రైతు ఫోనుకు వెళుతుంది. పేరును కోయవద్దు, సంస్థలు పంపే ఎస్ఎంఎస్‌లను ముందుగా నమోదు చేయించే డీఎల్‌టీ వ్యవస్థలో నమోదు చేసిన టెంప్లేట్‌లోని మిగతా వాక్యాన్ని చిన్నది చేయండి, లేదా రెండు ముక్కల ఖర్చుకు ఒప్పించండి. తప్పనిసరిగా కోయవలసి వస్తే జావాస్క్రిప్ట్‌లోని సెగ్మెంటర్ వంటి, కంటికి కనిపించే అక్షరాలను గుర్తించే పనిముట్టుతో కోయండి.

రసీదులో వత్తులు విడిపోవడం మాత్రం అక్షరాలను గీసే దశలోని తప్పు, డేటాది కాదు. తెలుగు ఫాంటులో సంకేతానికొక బొమ్మ ఉండదు. క, పొల్లు, ష వరుసగా వస్తే వాటిని కలిపి క్ష అనే బొమ్మను ఎంచి, వత్తును కింద సరైన చోట పెట్టే షేపింగ్ అనే ప్రక్రియ ఒకటి జరగాలి. బ్రౌజర్లు ఆ పనిని హార్ఫ్‌బజ్ వంటి ఇంజిన్లతో చేస్తాయి. చాలా పీడీఎఫ్ లైబ్రరీలు చేయవు, సంకేతాలను వచ్చిన వరుసలో పక్కపక్కన అతికించి వదిలేస్తాయి. ఎన్ని ఫాంట్లు మార్చినా అది బాగుపడదు, ఆ ప్రయత్నంలో నేను ఒక వారం పోగొట్టుకున్నాను. రసీదును హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి, సర్వరులో తెర లేకుండా నడిచే క్రోమ్‌తో పీడీఎఫ్‌గా మార్చడం నాకు తెలిసినంతలో నమ్మదగిన దారి. ప్రోగ్రామును దానికి కావలసినవాటితో సహా మూటకట్టి నడిపే డాకర్ కంటెయినర్‌లో అయితే నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును మీరే చేర్చాలి, లేకపోతే ఖాళీ డబ్బాలు వస్తాయి. గళ్ల ఎత్తు కూడా పెంచండి. ఇంగ్లీషుకు సరిపోయే వరుస ఎత్తులో "క్ష్మి" వంటి అక్షరం కింది వత్తు తెగిపోతుంది.

షేపింగ్ చిన్న పని కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో అప్లికేషన్లు కుప్పకూలుతున్నాయని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కనిపించని నాన్-జాయినర్, ఆ తర్వాత దీర్ఘం: ఈ వరుసను గీయబోయి ఆపిల్ వ్యవస్థ తడబడింది. మామూలుగా టైపు చేసిన "జ్ఞానం"తో ఏ ఇబ్బందీ లేదు. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఈ లోపాన్ని ఫిబ్రవరి 19న విడుదలైన 11.2.6లో సరిదిద్దారు. అప్పట్లో కొందరు దాన్ని తెలుగు లిపి సంక్లిష్టత వల్ల వచ్చిన ప్రమాదంగా మాట్లాడారు, ఆ మాట నన్ను బాధించింది. కోట్లమంది రోజూ చదివే లిపిని గీసే కోడ్‌లో లోపం ఉంటే దాన్ని కోడ్ లోపం అనే పిలవాలి. అంత పెద్ద బృందాలకే పట్టుబడని తప్పు రెండేళ్ల అనుభవంలో మీకు పట్టుబడలేదని మీరు కుంగిపోనక్కరలేదు.

మరికొన్ని రోజువారీ చికాకులను త్వరగా చెప్పి వదిలేస్తాను. కోడ్ మార్పులను దాచే గిట్‌లో తెలుగు పేరున్న ఫైలు 340, 260 అంటూ అంకెల వరుసగా కనిపిస్తే కంగారు పడకండి, ఫైలు బాగానే ఉంది, కోట్‌పాత్ అనే సెట్టింగును ఆపితే పేరు కనిపిస్తుంది. సంఘంవారికి ఇచ్చే సీఎస్‌వీ ఫైలు ఎక్సెల్‌లో డిగ్రీ గుర్తులతో తెరుచుకుంటే, ఫైలు మొదట, అది యూటీఎఫ్-8 అని తెలిపే బైట్ ఆర్డర్ మార్క్ చేర్చండి. విండోస్‌లో పైథాన్‌తో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ప్రతిసారీ రాయండి. జావా 18 నుంచి అదే మామూలు పద్ధతి అయింది గానీ, మీ సర్వరులో ఏ జావా ఉందో చూసుకోండి.

ఒక్కటి మాత్రం ముందే హెచ్చరించాలి. సంఘంవారు పాత జాబితాలను పేజ్‌మేకర్ లేదా వర్డ్ ఫైళ్లలో ఇచ్చే అవకాశం ఉంది. యూనికోడ్‌కు ముందు కాలపు డీటీపీ ఫాంట్లలో తయారైనవైతే వాటిలో తెలుగు అక్షరాలు అసలు ఉండవు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తలకట్టు, వత్తు, కొమ్ము వంటి ముక్కల బొమ్మలు పెట్టి, వాటిని అతికించి తెలుగుగా చూపేవారు. ఒకప్పుడు మన పత్రికలు, పుస్తకాలు, శుభలేఖలు ఆ పద్ధతి మీదే వెలువడ్డాయి, వాటి మేలు తక్కువ కాదు. కానీ ఆ ఫాంటు లేని చోట ఆ డేటా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. ఏ ఫాంటుతో రాశారో కనుక్కుని, ఆ ఫాంటుకు సంబంధించిన మార్పిడి పట్టికతోనే యూనికోడ్‌లోకి తేవాలి, తెచ్చిన తర్వాత ఒక మనిషి కూర్చుని పేర్లు చదవాలి. ఈ పనికి మీ అంచనాలో విడిగా రోజులు వేయండి.

చివరిగా మీ మేనేజరు గారి సూచన. పేర్లను ఇంగ్లీషులో ఉంచితే ఐదు సమస్యలూ కంటికి కనిపించకుండా పోతాయన్నది నిజమే, కానీ వాటి స్థానంలో బాగుచేయలేని ఆరోది వస్తుంది. "రమ", "రామ" అనే రెండు పేర్లు మనం రోజూ రాసే ఇంగ్లీషులో ఒకటే అవుతాయి. "లక్ష్మి"ని ఒకరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు, ఇంకొకరు ఎక్స్‌తో రాస్తారు, ఒకే మనిషి రెండు కాగితాల మీద రెండు రకాలుగా ఉంటుంది. రైతు పాసుపుస్తకంలో తెలుగు పేరు, బ్యాంకు ఖాతాలో ఇంగ్లీషు పేరు, మీ రసీదులో ఇంకో ఇంగ్లీషు పేరు ఉంటే, ఆ తేడాను సరిచేయించుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరిగేది మనం కాదు, ఆ రైతే. బ్యాంకుకు పంపడానికి ఇంగ్లీషు పేరు అవసరమైతే దానికి వేరే కాలమ్ పెట్టండి, పాసుపుస్తకంలో ఉన్నట్టు వాళ్లనే అడిగి నింపండి. ప్రోగ్రాముతో తెలుగు నుంచి తయారుచేయవద్దు. మేనేజరు గారికి ఇదే వివరించండి. రమ, రామ ఒకే గ్రామంలో ఇద్దరు సభ్యులైతే ఎరువుల ఖాతా ఎవరి పేర పడుతుందని అడిగితే, ఆయనకు మిగతాది చెప్పనక్కరలేదు.

రేపు ఉదయం కొత్త పేర్ల నమోదును కొద్దిసేపు ఆపి, ఉన్న డేటాబేసుకు నకలు తీసిపెట్టండి. ఆ తర్వాత లక్ష్మి, హైదరాబాద్, రాజ్‌కుమార్, వెంకటేశ్వర్లు, రమ, రామ, కళ అనే మాటలను మీ ఫారం ద్వారా మీరే టైపు చేసి, డేటాబేసులో ఆ వరుసలను బైట్లుగా తీసి చూడండి. తెలుగు సంకేతం సరిగ్గా చేరితే యూటీఎఫ్-8లో ప్రతి మూడు బైట్ల గుంపూ దశాంశంలో 224తో మొదలై, రెండో బైటు 176 లేదా 177 అవుతుంది; నాన్-జాయినర్ ఉన్న చోట మాత్రం 226తో మొదలవుతుంది. ప్రశ్నార్థకమైతే 63 కనిపిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎన్‌వార్‌చార్ సంకేతానికి 2 బైట్ల పద్ధతిలో దాస్తుంది కాబట్టి అక్కడ ప్రతి జతలో రెండో బైటు 12గా ఉండాలి, నాన్-జాయినర్ ఉన్న చోట మాత్రం 32గా ఉంటుంది. ఏ డేటాబేసో, ఏ బైట్లు కనిపించాయో రాయండి, దాన్నిబట్టి ప్రశ్నార్థకాలు ఏ మెట్టు దగ్గర పుడుతున్నాయో చెబుతాను. పంపే వరుసలో మాత్రం సంఘం సభ్యుల పేర్లేవీ లేకుండా, మీరు టైపు చేసిన ఈ మాటలే ఉండేలా చూసుకోండి.